ఇంజన్ల పేపరు

అక్టోబరు 9, గురువారం

కొత్త ఆర్డరు వచ్చింది. పొద్దున నేను వెళ్ళేసరికి నోటీసు బోర్డు దగ్గర అందరూ మూగి ఉన్నారు. చదివినవాళ్ళు పక్కకు జరగకుండా మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నారు, రెండోసారికి ఏమైనా మారుతుందేమోనన్నట్టు.

జనవరి నుంచి పైలట్ల థియరీ పేపర్లలో ఏ, బీ, సీ, డీలు ఉండవు. జవాబు మనమే టైపు చేయాలి. పాత ప్రశ్నలన్నీ రద్దు. పాత పద్ధతిలో కొన్ని పేపర్లు పాసైనవాళ్ళు మిగిలినవి మార్చి ఆఖరులోపు పూర్తి చేయాలి. లేకపోతే పాసైనవి కూడా పోతాయి, అన్నీ మళ్ళీ రాసుకోవాలి. హాల్లో చూసిన ప్రశ్న బయట చెప్పినట్టు తెలిస్తే చెప్పినవాళ్ళ పేపర్లన్నీ కొట్టేస్తారు.

మా బ్యాచ్ గుమస్తా బోర్డు ముందే తల పట్టుకున్నాడు. ఆ పేరు పెట్టింది నా రూమ్మేట్ పిచ్చుక. పరీక్షకు ముందు మనిషికి పది ప్రశ్నల నంబర్లు పంచేది అతనే. మన పరీక్ష మనం రాసుకుంటూ, ఆ పదీ మాత్రం కామాతో సహా గుర్తుపెట్టుకుని బయటికి మోసుకురావాలి. సెంటరు ఎదురుగా బేకరీ దగ్గర నిలబెట్టి ఒక్కొక్కరి చేత చెప్పించి రాసుకునేవాడు. మా ముందు బ్యాచ్‌లవాళ్ళు, వాళ్ళ ముందువాళ్ళు, అలా పోగుచేసినవే మేం చదివేవన్నీ.

"తాతల నాటి ఆస్తి ఒక్క కాగితంతో పోయింది రైతమ్మా" అన్నాడు నాతో. నవ్వొచ్చింది.

నాకు మిగిలింది ఒక్క పేపరే. ఇంజన్లు. డిసెంబరులో పాత పద్ధతిలో ఆఖరి పరీక్ష ఉంది. అందులో రాసేస్తే ఏ గొడవా లేదు. ప్రశ్నలన్నీ వచ్చు. దాని గురించి నాకేం భయం లేదు.

గదిలో రెండో మంచం మీద పరుపు ఇంకా చుట్టే ఉంది. ఆగస్టు నుంచి వార్డెన్ ఇంకెవరినీ వేయలేదు. నేనేం వద్దనలేదు. వాళ్ళే వేయలేదు.

అక్టోబరు 12

డాబా మీదికి బట్టల కోసం వెళ్ళాను. వానలకు డాబా అంతా నాచు పట్టింది, మేమిద్దరం నడిచినంత మేర తప్ప. ఆ చార కూడా ఇప్పుడు పచ్చబడుతోంది.

అలాగే చదివేవాళ్ళం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తూ, ప్రశ్నలో మొదటి మూడు మాటలు ఒకరు, అక్షరం ఇంకొకరు. పూర్తిగా చదివితే టైము దండగ అనేది పిచ్చుక. ఒక్కో పేపరుకు ఒక్కొక్కరం ముందు వెళ్ళేవాళ్ళం. ముందు వెళ్ళినవాళ్ళు తెచ్చింది రెండోవాళ్ళ నోట్లో పెట్టాలి. వాతావరణం నేను ముందు రాశాను. ఇంజన్లు తను ముందు రాసింది. తొంభై ఆరు వచ్చింది. తర్వాత వారం నేను రాయాలి.

సాయంత్రం ఇంజన్ల ప్రశ్నలు తీసి, "కార్బురేటర్‌లో మంచు పట్టినట్లు..." అని పైకి చదివాను.

సీ, అంది.

తన గొంతే. ఇంత చిన్నదానికి నన్నడుగుతావా అన్నట్టు, కొంచెం ముక్కుతో.

అలవాటు, అంతకంటే ఏం లేదు. ఏడాదిపాటు ఒక మనిషి చెవిలో చెప్పిన మాట చెవిలో కాక ఇంకెక్కడ ఉంటుంది.

అక్టోబరు 13

ఇవాళ వినపడలేదు.

అక్టోబరు 14

వినపడలేదు. నిద్ర బాగానే పట్టింది.

అక్టోబరు 25

గుమస్తా లైబ్రరీలో నాకు పరీక్ష పెట్టాడు. అతను "నాలుగు స్ట్రోకుల..." అనగానే బీ అన్నాను. "ఆయిలు వేడెక్కి..." డీ. "ప్రొపెల్లర్..." ఏ. కాసేపటికి కాగితాలు కింద పెట్టి నా మొహం చూశాడు.

"ప్రశ్న పూర్తి కానివ్వవా? దయ్యం ఏమైనా పట్టిందా నీకు?"

"వచ్చినదాన్ని వచ్చు అనక ఏమంటాను?"

"నేను ప్రొపెల్లర్ అన్నానంతే. ప్రొపెల్లర్ మీద పన్నెండు ప్రశ్నలున్నాయి. ఇదేనని నీకెలా తెలిసింది?"

నాకెలా తెలుస్తుంది. ఏ అని వినపడింది, ఏ అన్నాను. అతనితో మాత్రం "నీ మొహం చూస్తే తెలిసిపోతుంది" అన్నాను.

నవంబరు 3

అమ్మ ఫోన్ చేసింది. కోళ్ళ షెడ్డులో ఫ్యాన్లు పాడయ్యాయట, అరుపుల మధ్య సగం వినపడలేదు. కొత్త రూలు సంగతి చెప్పాను.

"విమానం నడపడానికి టైపింగ్ ఎందుకే?"

"జవాబు రాయడానికమ్మా."

"రాసినంత మాత్రాన వచ్చినట్టా?"

"రాయకపోతే రానట్టు."

"సర్లే. అన్నం తింటున్నావా?" అంది. తర్వాత "గదిలో ఒక్కదానివేనా?" అని అడిగింది.

ఒక్కదాన్నే అని చెప్పాను.

నవంబరు 18

పిచ్చుక వాళ్ళ నాన్న వచ్చాడు, తన పెట్టె తీసుకెళ్ళడానికి. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో నేను అడగలేదు. టైలరు కదా, గుమ్మంలో నిలబడే కిటికీ కర్టెను అంచు ఎగుడుదిగుడుగా ఉందని చూశాడు. బట్టలు ఒక్కొక్కటే మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. కుర్చీ మీది తెల్ల యూనిఫారం చొక్కా తీసి, భుజం దగ్గర కుట్టు గోరుతో తడిమి, "ఈ కుట్టు నాది కాదే" అన్నాడు. అయినా మడిచి పెట్టుకున్నాడు.

అది నా చొక్కా. చెప్పలేదు.

వెళ్ళబోతూ మంచం అంచున కూర్చున్నాడు.

"విచారణవాళ్ళు టేపు వినిపించారమ్మా. రేడియోలో అది మాట్లాడింది."

"అవును బాబాయ్."

"నువ్వు కూడా అక్కడే ఉన్నావట కదా, రేడియో గదిలో."

"ఉన్నాను. సరిగా వినపడలేదు."

"నాకు బాగానే వినపడింది. తోసేస్తున్నా, అంది. దేన్ని తోసింది తల్లీ?"

"హీట్ నాబ్. ఇంజన్‌కు వేడిగాలి ఇచ్చేది. లాగితే వేడి వస్తుంది, తోస్తే ఆగిపోతుంది."

"తోయకూడదా?"

నీళ్ళు తాగుతారా అన్నాను. వద్దన్నాడు.

"ఇంజన్లలో తొంభై ఆరు వచ్చింది దానికి. ఫోన్ చేసి చెబితే షాపుకొచ్చిన వాళ్ళందరికీ చాక్లెట్లు పంచాను. తొంభై ఆరు తెచ్చుకున్నదానికి తెలియకుండా ఉంటుందా?"

"తెలుసు బాబాయ్. తనకు తెలుసు."

"మరి?"

పెట్టె నేను పట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు. మెట్లు దిగేటప్పుడు రెండుసార్లు ఆగాడు.

డిసెంబరు 4

వారం తర్వాత పరీక్ష. ప్రశ్నలన్నీ రెండుసార్లు తిప్పాను. వినపడుతోంది, కానీ చదువుకు ఇబ్బందేం లేదు. నిజానికి సాయమే.

డిసెంబరు 11

తలనొప్పి. మధ్యలో వచ్చేశాను.

డిసెంబరు 12

నిన్న పొద్దున తిన్నది పడలేదు. అంతే.

డిసెంబరు 20

నా డైరీకి కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ రాసుకుంటాను.

తలనొప్పి కాదు. సగం దాకా బాగానే సాగింది. తను చెబుతోంది, నేను నొక్కుతున్నాను. తర్వాత కార్బురేటర్ ప్రశ్న వచ్చింది. మంచు పట్టినట్లు అనుమానం వస్తే పైలట్ మొదట ఏం చేయాలి. సీ, అంది. సీలో ఉన్నది ఆ రోజు మొదటిసారి చదివాను. "హీట్ నాబ్ పూర్తిగా లాగాలి." నొక్కబోతుంటే మళ్ళీ అదే గొంతు, అక్షరం కాదు ఈసారి. 

హీట్ లాగాను. ఇంకా పాడైంది. తోసేస్తున్నా.

రేడియో గదిలో విన్నది ఇదే. చాలా స్పష్టంగా వినపడింది. మైకు దగ్గరున్న సారు "మళ్ళీ చెప్పు" అన్నాడు. తను మళ్ళీ చెప్పలేదు. అప్పుడు నాకేమనిపించిందో కూడా గుర్తుంది. మంచిపని చేసింది అనుకున్నాను. లాగితే పాడైనప్పుడు తోసేయక ఏం చేస్తారు.

ఇంతలో అక్కడ విమానం మొక్కజొన్న చేలో దిగింది. దిగింది అని రాశాను. పడింది.

సీ కరెక్టు జవాబు. తను సీయే చేసింది. చేసి పోయింది. అలాంటప్పుడు సీ ఎలా నొక్కను? వేలు ఆడలేదు. లేచి వచ్చేశాను.

పాత పద్ధతిలో ఇంక పరీక్ష లేదు.

జనవరి 6

కొత్త పద్ధతి నమూనా పేపరు పెట్టారు. ప్రశ్న, దాని కింద ఖాళీ డబ్బా. డబ్బాలో కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది.

"కార్బురేటర్‌లో..." అని చదివాను. సీ, అంది. సీ లేదు. తర్వాత ప్రశ్న. బీ. బీ లేదు. తను ఆపదు. ఖాళీ డబ్బా ముందు కూర్చుని ఏ, డీ, డీ, బీ అని వింటున్నాను. పేపరు అయ్యేసరికి నేను టైపు చేసింది నాలుగు లైన్లు.

గుమస్తా బయటికొచ్చి, "మన బతుకు అక్షరాభ్యాసం దగ్గరికొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతనికి ఇంకా మూడు పేపర్లున్నాయి.

జనవరి 7

మార్చి పన్నెండున పరీక్షకు పేరిచ్చాను. అదే ఆఖరిది. పోతే అన్నీ పోతాయి.

జనవరి 19

‘ఎందుకు’ మాస్టారు దగ్గరికి వెళ్ళాను. ఇంజన్ల పాఠం ఆయనదే. ఏం చెప్పినా "ఎందుకు?" అంటాడని ఆ పేరు. ఆయన క్లాసుకు పోవడం మేం మొదటి నెలలోనే మానేశాం. ప్రశ్నలు చేతిలో ఉండగా పాఠం ఎందుకు.

వర్క్‌షాపు వెనక చిన్న గది ఆయనది. బల్ల మీద విప్పిన కార్బురేటర్ ఉంది. నన్ను చూసి పలకరించలేదు, స్టూలు మాత్రం కాలితో నా వైపు తోశాడు.

"కార్బురేటర్ మంచు సార్."

"పాత పేపర్లో దానికి జవాబేంటి?"

"సీ."

"సీ అంటే?"

"హీట్ పూర్తిగా లాగాలి."

"లాగితే?"

"మంచు కరుగుతుంది."

"కరిగితే?"

"నీళ్ళవుతుంది."

"ఆ నీళ్ళు ఎటు పోతాయి?"

బల్ల మీది కార్బురేటర్ వైపు చూశాను.

"చెప్పమ్మా. మురిక్కాలవలోకా?"

"ఇంజన్‌లోకి."

"ఇంజన్ నీళ్ళు మింగితే పాట పాడుతుందా?"

చేతిమీద స్పిరిట్ చుక్క వేశాడు. చల్లగా ఉందా? ఉంది. ఎందుకు? ఆరుతోంది కాబట్టి. ఆరితే చలి ఎందుకు? చేతి వేడి పట్టుకుపోతోంది కాబట్టి. పెట్రోలు కూడా కార్బురేటర్ గొంతులో అలాగే ఆరుతుంది. అందుకే బయట మనకు చెమట పడుతున్న రోజు కూడా లోపల మంచు పడుతుంది, గాలిలో తేమ ఉంటే. ఏడాదిన్నర ఈ చదువు చదివి, మంచు అంటే చలిదేశాల గొడవ అనుకున్నాను నేను. పైకి అనలేదు.

"లాగినప్పుడు ఇంజన్ మొదట ఇంకా పాడవుతుంది. దగ్గుతుంది, ఒణుకుతుంది. నీళ్ళు పోయేదాకా అంతే. అంటే హీట్ పనిచేస్తోందన్నమాట. పాడవుతోంది కదా అని తోసేస్తే?"

చేతిమీద స్పిరిట్ ఆరిన చోటు రుద్దుకున్నాను.

"ఈ సంగతి పాత పేపర్లో అడగలేదు. అందుకని మీరెవరూ నన్ను అడగలేదు. నేను క్లాసులో చెప్పాను. ఎందుకు అని నేనన్నప్పుడల్లా వెనక బెంచీలో ఒకమ్మాయి నవ్వేది."

కార్బురేటర్ తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ముందే శుభ్రంగా ఉంది అది.

జనవరి 20

ఆ నవ్వు గుర్తొచ్చింది. పక్కన నేను కూడా ఉన్నాను.

ఫిబ్రవరి 2

వినపడలేదు అని రాయబోయాను. వినపడింది. అక్షరాలు కాదు.

ఫిబ్రవరి 10

రాత్రి వాన పడింది. పొద్దున గడ్డి తడిగా, గాలి బరువుగా ఉంది. మాస్టారు కబురు పెట్టాడు. "ఇవాళ మంచిరోజు. రా."

విమానాలు నిలిపేచోట చివర ఒక పాత శిక్షణ విమానం ఉంది. చక్రాలకు దిమ్మలు పెట్టించాడు. నేను ఎడమవైపు, ఆయన కుడివైపు. ఇంజన్ స్టార్ట్ చేసి పవర్ బాగా తగ్గించి, చేతులు కట్టుకు కూర్చున్నాడు. పిచ్చుక పోయినప్పటి నుంచి నేను విమానంలో కూర్చోవడం ఇదే. నేల మీద కాబట్టి పరవాలేదనుకున్నాను.

చాలాసేపటికి చుట్లు చూపే ముల్లు వాలడం మొదలైంది. కునుకు పట్టినవాడి తల వాలినట్టు, ఎవరూ గమనించనంత మెల్లగా.

"ఇప్పుడు" అన్నాడు.

లాగాను. ఇంజన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. సీటు, మీటర్ల పలక, నా మోకాళ్ళు అన్నీ దడదడలాడాయి. ముల్లు ఇంకా కిందికి పడింది. 

తోసేశాను.

మాస్టారు ఇంజన్ ఆపాడు. అంతా నిశ్శబ్దమయ్యాక నా వైపు తిరిగి, "ఎందుకు?" అన్నాడు. ఎప్పుడూ అనేటట్టు కాదు.

"నేను తోయలేదు సార్. చెయ్యి..."

"చెయ్యి ఎవరిది?"

"నాదే."

మూడు వారాలుగా నాకు తెలుసు. ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో రాసి చూపించగలను. తెలిసీ తోశాను. అదీ నేల మీద, చక్రాలకు దిమ్మలుండగా, పక్కన మాస్టారుండగా. తనకు తెలియదు, పైన ఉంది, ఒక్కతే ఉంది.

"మళ్ళీ" అన్నాడు.

మళ్ళీ ముల్లు వాలేదాకా కూర్చున్నాం. మళ్ళీ లాగాను. దడదడ మొదలైంది. తోసేస్తున్నా, తోసేస్తున్నా అని చెవిలో ఒకటే పోరు. మాస్టారు నా చెయ్యి పట్టుకోలేదు. కిటికీ బయటికి చూస్తున్నాడు. పళ్ళు బిగించి పట్టుకున్నాను. ఇంజన్ దగ్గి, ఒణికి, ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు అయింది. ముల్లు లేచింది.

నాకు చాలాసేపు పట్టినట్టు అనిపించింది. మాస్టారు గడియారం చూసి చెప్పిన అంకె ఇక్కడ రాయను. అంత చిన్నది.

దిగాక రెక్క కింద తడి గడ్డిలోనే కూర్చున్నాను. ఆయన కాసేపు నిలబడి, "ప్యాంటు తడుస్తుంది" అని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 11

నేనూ తోశాను.

ఫిబ్రవరి 28

రోజూ మాస్టారి గదికి వెళ్తున్నాను. గుమస్తా కూడా వస్తున్నాడు. ఎందుకు అని మాస్టారు అనకముందే అతను అంటున్నాడు. "నా పేరు దొంగిలిస్తున్నావా?" అన్నాడాయన. ఆ పేరు ఆయనకు తెలుసని మాకు తెలియదు.

మార్చి 12, గురువారం

అయింది.

హాల్లో చలిగా ఉంది. మొదటి ప్రశ్నలు ఆయిలు మీద, ఇంధనం పంపుల మీద. పూర్తిగా చదివి, ఆలోచించి టైపు చేస్తూ పోయాను. అక్షరాలు వినపడుతున్నాయి, పక్కింటి రేడియోలాగా. పట్టించుకోలేదు. కొన్ని తప్పు రాశానని రాస్తుండగానే తెలిసింది.

తర్వాత బటన్ నొక్కితే ఇది వచ్చింది.

శిక్షణలో ఉన్న పైలట్ ఒంటరిగా తిరిగి వస్తున్నాడు. గాలిలో తేమ ఎక్కువ. పవర్ తగ్గించి దిగుతుండగా ఇంజన్ చుట్లు మెల్లగా తగ్గాయి. అతను హీట్ లాగాడు. ఇంజన్ మరింత పాడైంది. అతను నాబ్ తోసేశాడు. కొద్దిసేపటికి ఇంజన్ ఆగింది. ఇంజన్ మరింత పాడవడానికి కారణం ఏమిటి? పైలట్ ఏం చేసి ఉండాల్సింది? ఆరు మార్కులు.

జరిగిన ప్రమాదాల నుంచి ప్రశ్నలు తయారుచేస్తారని ఆర్డరులో ఉంది. చదివాను కూడా. అయినా అనుకోలేదు. తనను మగవాణ్ణి చేశారు. మొక్కజొన్న చేను తీసేశారు. రేడియోలో మాట తీసేశారు. ఆరు మార్కులు చేశారు.

సీ అంటుందేమోనని చూశాను. ఏమీ అనలేదు. ఏయో, బీయో, ఏదో ఒకటి అంటే బాగుండనిపించింది. హాలంతా టైపింగ్ చప్పుడు. ఇన్నాళ్ళూ నేనడిగితే తను చెప్పేది. ఇవాళ ప్రశ్నగా తనే వచ్చి ఎదురుగా కూర్చుంది.

రాశాను. కరిగిన మంచు నీరై ఇంజన్‌లోకి పోతుంది, అందుకే మొదట పాడవుతుంది. అది హీట్ పనిచేస్తున్న గుర్తు. నాబ్ పూర్తిగా లాగి, చుట్లు కోలుకునేదాకా అలాగే పట్టుకుని ఉండాలి.

అంతవరకు చాలు. కానీ కింద ఇంకో వాక్యం రాశాను, అడగకపోయినా. "పైలట్ మొదట చేసింది సరైన పనే." 

తర్వాత ప్రశ్నకు పోవడానికి కొంత టైము పట్టింది.

బయట బేకరీ దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్ళకు పరీక్ష ఇవాళే తర్వాతి విడతలో ఉంది. గుమస్తా పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఉన్నాడు.

"ఇంకా ఈ పని మానలేదా? దొరికితే నా పేపర్లన్నీ పోతాయి."

"అలవాటు. చెప్పకు పోనీ. పేపరు కష్టంగా ఉందా, అది చెప్పు."

"ప్రశ్నలు చెప్పను" అన్నాను. "పిచ్చుక ఎలా పోయిందో చెప్తాను. వినేవాళ్ళు ఉండండి."

ఎవరూ కదల్లేదు. ఆగస్టు నుంచి తన పేరు మేమెవరం పైకి అనలేదు. గుమస్తా పెన్సిలు తీశాడు.

"రాయకు. రాసుకుంటే మళ్ళీ సీ అవుతుంది. విను."

చెప్పాను. నేను నేల మీద తోసేసిన సంగతి కూడా చెప్పాను. ఒక కొత్తమ్మాయి, "అంత దడదడలాడుతుంటే ఎలా పట్టుకుంటారక్కా?" అంది.

"మాస్టారి దగ్గరికి వెళ్ళు. వానపడిన మర్నాడు వెళ్ళు. నువ్వూ తోస్తావు. ఒకసారి తోసి రా."

"పూనాడే మాస్టారు నీకు" అన్నాడు గుమస్తా. ఎవరూ నవ్వలేదు. అతను పెన్సిలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలోనే తిప్పుతున్నాడు.

మార్చి 24

పాస్. డెబ్బై ఎనిమిది. మిగిలిన పేపర్లన్నీ నిలిచాయి.

అమ్మతో చెబితే, "మిగతావి తొంభైలు కదే, దీనికేమైంది?" అంది. "ఇది నేను రాశానమ్మా" అన్నాను. అర్థం కాలేదు ఆమెకు. కోళ్ళకు ఫ్యాన్లు కొత్తవి పెట్టించిందట.

మార్చి 26

పరీక్ష రోజు నుంచి వినపడలేదు. సాయంత్రం పాత ప్రశ్నలు పట్టుకుని డాబా మీదికి వెళ్ళాను. మొదటి మూడు మాటలు చదివి ఆగాను. ఇంకోటి చదివి ఆగాను. చీకటి పడేదాకా చదివాను.

మార్చి 29, ఆదివారం

పిచ్చుక వాళ్ళ ఊరు వెళ్ళాను. బస్సు దిగి అడిగితే టైలరు షాపు ఎవరైనా చూపిస్తారని తను ఎప్పుడూ అనేది. చూపించారు.

షాపు వెనకే ఇల్లు. మధ్యలో కర్టెను. మధ్యాహ్నం, బేరాల్లేవు. బాబాయ్ మిషను మీద ఉన్నాడు. నన్ను చూసి కుర్చీలో బట్టలు తీసి కూర్చోమన్నాడు.

"పాసయ్యావట."

"అయ్యాను బాబాయ్."

"దానికంటే ఎక్కువా?"

"తక్కువ. చాలా తక్కువ."

ఊఁ అన్నాడు. ఆ మాటకు కొంచెం కుదుటపడ్డట్టు కనిపించాడు.

"ఆ రోజు మీరు అడిగారు, తోయకూడదా అని. అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. చెప్పమంటారా?"

పెడల్ మీద నుంచి కాళ్ళు తీశాడు. చెప్పాను. మాస్టారు నాకు చెప్పినట్టే, గాలిలో తేమ నుంచి మొదలుపెట్టి. మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక గుడ్డ మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"అంటే మొదట చేసింది కరెక్టే."

"కరెక్టే."

"అలాగే పట్టుకుని ఉండుంటే?"

"ఇంజన్ కోలుకునేది."

"ఎంతసేపు పట్టుకోవాలి?"

ఆయన నేను చెప్పేదాకా చూశాడు.

"సూదిలో దారం ఎక్కించేంత సేపు, బాబాయ్."

మిషను సూది వైపు చూశాడు. "నా కళ్ళకు చాలాసేపు పడుతుంది" అన్నాడు.

బయట ఎవరో సైకిలు మీద వెళ్తూ పలకరించారు. చెయ్యి ఎత్తాడు.

"ఈ మాట ఎవరూ చెప్పలేదా దానికి?"

"చెప్పే ఆయన ఉన్నాడు. మేం వినలేదు. పరీక్షలో రాదు కదా అని."

"నువ్వయితే పట్టుకుని ఉండేదానివా?"

"లేదు. నేనూ తోశాను. నేల మీద కాబట్టి ఇలా వచ్చి కూర్చున్నాను."

తిడతాడేమోననుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, గ్లాసు నా చేతికి అందేదాకా వదలకుండా.

అప్పుడు కర్టెను కదిలింది. పిచ్చుక వాళ్ళమ్మ. ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు. ఆగస్టు నుంచి ఆమె ఈ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదని, టేపు కూడా విననందని పెట్టె కోసం వచ్చిన రోజు బాబాయ్ మెట్ల మీద చెప్పాడు. తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. పిచ్చుక ముక్కు ఆమెదే.

"నాకు సరిగ్గా వినపడలేదు" అంది. "మొదటి నుంచి చెప్పు."

బాబాయ్ ఆమె కోసం స్టూలు తెచ్చాడు. ఆమె కూర్చుంది.

"ఆ రోజు పొద్దున గాలిలో తేమ ఎక్కువగా ఉంది పిన్నీ" అని మొదలుపెట్టాను.